తెలుగు తీసేస్తేనే ముందుకు పోతుందట

నా కంప్యూటర్‌కు ఎనిమిదేళ్లు. మనిషి పిల్లయితే మూడో తరగతి చదివే వయసు. అలాంటిదాన్ని పట్టుకుని ముసలిదైపోయింది, ఇక పనికిరాదు పొమ్మన్నారు. అన్నది మనుషులైతే అక్కడికక్కడే దులిపేసి ఉండేదాన్ని. అన్నది ఆ కంప్యూటరే. నా ఎదుటే, తన తెర మీద తనే, ఎంతో మర్యాదగా రాసి చూపించింది: ఈ కంప్యూటర్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ నడిపే అర్హత లేదు.

అర్హత అనే మాట నాకు కొత్త కాదు. కృష్ణపట్నం రేవుకు పోయే దారిలో, ఉప్పుటేటి ఒడ్డున ఉన్న చేపలు పట్టే ఊరు మాది. బస్సు ఆగే చోట నాది ఒక్క గది కొట్టు. టైపింగు, జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులు. పెన్షన్‌కో, కార్డుకో, పడవ రిజిస్ట్రేషన్‌కో జనం వస్తారు. నేను వివరాలు కొడతాను. ఎర్ర అక్షరాలు వస్తే 'అర్హత లేదంటన్నా', 'అర్హత లేదంటక్కా' అని చదివి చెప్తాను. ఎందుకు లేదని అడుగుతారు. నాకేం తెలుసు, దాంట్లో అట్లా వచ్చింది అంటాను. వాళ్లు లేచిపోతారు, తర్వాతివాళ్లు కూర్చుంటారు. ఎన్నేళ్లుగా చెప్తూ వచ్చానో ఆ మాట. నా ముఖానే ఎవరైనా చెప్తే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఒళ్లు మండింది.

కొత్త సిస్టమ్ మీద నాకేం మోజు లేదు. పాతది బ్రహ్మాండంగా నడుస్తోంది. కానీ దరఖాస్తులు పంపే సైటు, వచ్చే నెల నుంచి పాత సిస్టమ్ మీద తెరుచుకోనని హెచ్చరిక పెట్టింది. సైటు తెరుచుకోకపోతే నా కొట్టు తెరిచి లాభం లేదు. సరే కదా అని అప్‌గ్రేడ్ నొక్కితే ఈ జవాబు. కంప్యూటర్ అమ్మినతనికి ఫోన్ చేశాను. ఏమైందని కూడా అడగలేదు. "కొత్తది తీసుకోండి మేడం" అన్నాడు. డాక్టరు నాడి చూడకుండానే పాడె కట్టమన్నట్టు.

నేను ఊరుకునే రకం కాదు. ఆ సందేశం కింద చిన్న అక్షరాల్లో 'వివరాలు' అని ఉంటే నొక్కాను. భద్రతా చిప్ కనపడలేదు అని వచ్చింది. చిప్ లేదా, ఉండీ కనపడలేదా? ఆ ఒక్క ముక్క చెప్పదు. ఖాళీ చాలలేదేమోనని పాత ఫొటోలు తుడిచాను. నాలుగుసార్లు ఆపి నాలుగుసార్లు పెట్టాను. ప్రతిసారీ అదే మాట. మర్నాడు పొద్దున్నే సీపీయూని పాత నూలు చీరలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని నెల్లూరు బస్సెక్కాను. పక్కసీటు ఆమె బిడ్డేమోననుకుని జరిగి చోటిచ్చింది. చీర తొలగి లోపలి ఇనుము కనపడగానే మళ్లీ మునుపటిలాగే కూర్చుంది.

నెల్లూరులో నాకు తెలిసిన రిపేరు కొట్టాయన ఒకాయన ఉన్నాడు. నా ఈడువాడే, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని పనిచేస్తాడు. సీపీయూ మూత తీయగానే లోపలి తుప్పు చూసి, "ఉప్పు గాలి మేడం, మీ ఊరి మిషన్లన్నీ ఇంతే" అన్నాడు. తర్వాత ఆన్ చేస్తూనే ఏదో మీట టకటకా నొక్కాడు. నేను ఎన్నడూ చూడని నల్ల తెర ఒకటి వచ్చింది. అందులో రెండు గదులు దాటి మూడో గదికి పోయినట్టు పోయి, ఒకచోట ఆగాడు.

"చిప్ ఉంది మేడం. ఆఫ్‌లో ఉంది, అంతే."

"ఉందా?"

"మొదట్నించీ ఉంది. కంపెనీ వాళ్లే ఆఫ్ చేసి పంపినారు."

ఎంత పొగరో చూడండి. వాళ్లే పెట్టి, వాళ్లే ఆపి, ఎనిమిదేళ్ల తర్వాత వాళ్లే వచ్చి నీకు చిప్ లేదు, నువ్వు పనికిరావు అంటారు. ఆ మీట సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే నేను నా కొట్లో కూర్చునే నొక్కుకునేదాన్ని. చెప్పరు. చెప్తే కొత్తది ఎవరు కొంటారు?

ఆయన చిప్ ఆన్ చేసి అప్‌గ్రేడ్ మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి అర్హత ఉందట. పచ్చటి టిక్కు పడింది. హమ్మయ్య అనుకుని టీ తెప్పించాను. టీ వచ్చేలోపే అది మళ్లీ ఆగింది. ఒక ప్రోగ్రామ్ కొత్త సిస్టమ్‌తో పొసగడం లేదు, దాన్ని తీసేస్తే ముందుకు వెళ్లవచ్చు అని కొత్త పాట. కింద ఆ ప్రోగ్రామ్ పేరు. అది నా తెలుగు టైపింగ్ ప్రోగ్రామ్.

దాని గురించి చెప్పాలి. అది సీడీలో వచ్చింది, దాంతో పాటు బొటనవేలంత తాళం ఒకటి ఇచ్చారు. ఆ తాళాన్ని కంప్యూటర్ వెనక గుచ్చితేనే తెలుగు తెరుచుకుంటుంది, పీకితే మూసుకుంటుంది. కొత్త సిస్టమ్‌కు గిట్టనిది ఆ తాళమేనట. పద్దెనిమిదేళ్ల వయసులో నెల్లూరు ప్రెస్సులో కూర్చుని ఆ తరహా కీబోర్డు మీదే నేను పని నేర్చుకున్నాను. ఊళ్లో జరిగిన పెళ్లిళ్లకు శుభలేఖలు, చావులకు కర్మకాండ కార్డులు, కలెక్టరుకు అర్జీలు, ఊరి కట్టుబాట్లు, అన్నీ అందులోనే కొట్టాను. కళ్లు మూసుకున్నా నా వేళ్లకు ఏ అక్షరం ఎక్కడుందో తెలుసు.

"ఇంకా దీంట్లోనే కొడతా ఉండారా మేడం? ఇప్పుడు ఫోన్లో మాట్లాడితే తెలుగు అదే పడిపోతుంది గదా" అన్నాడాయన.

"ఫోన్లో పడేది దాని తెలుగు. నాది కాదు" అన్నాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇంత పెద్ద యంత్రం, లోకంలో ఉన్న సమస్త చెత్తనూ తనతో మోసుకుపోతానంటోంది. ఆటలు, ప్రకటనలు, నేను ఏనాడూ తెరవని ముప్పై రకాల బొమ్మలు, అన్నీ దానికి సరిపడతాయి. అడ్డంగా ఉన్నది తెలుగు ఒక్కటే. తెలుగు తీసేయి, ముందుకు పోదాం అంటోంది.

"తీసేస్తే నా ఫైళ్లు పోతాయా అన్నా?"

"ఫైళ్లు యాడికి పోతాయి మేడం? యాడున్నవి ఆడే ఉంటాయి."

ఆయన అబద్ధం చెప్పలేదు. తీసేయి అన్న మీట మీద నొక్కింది ఆయన కూడా కాదు, నేనే. ఎవరి మీద ఎంత అరిచినా ఆ సంగతి మారదు.

మర్నాడు కొట్లో సీపీయూని బిగించి ఆన్ చేశాను. కొత్త సిస్టమ్ కొత్త పెళ్లికూతురిలా ఉంది. సైటు తెరుచుకుంది. సంతోషంగానే ఉన్నాను, ఒక పావుగంట. అప్పుడు మా వీధిలో నాలుగిళ్ల అవతల ఉండే అక్క వచ్చింది. ఎండుచేపలు అమ్ముతుంది. ఆమె భర్త పోయిన వానల్లో జ్వరంతో చనిపోయాడు. ఇంట్లో ఆమె, ఒక కూతురు.

ఆమె వచ్చిన పని అర్థం కావాలంటే మా ఊరి పద్ధతి ఒకటి తెలియాలి. ఉప్పుటేట్లో గుంజలు పాతి వల కట్టడానికి మా ఊరికి కొన్ని చోట్లు ఉన్నాయి. ఏ ఇంటికి ఏ చోటు అన్నది ఏడాదికొకసారి చీట్లు వేసి తేలుస్తారు. ఆ పని అమావాస్య నాడు చేస్తారు, ఆ రోజు ఎవరూ వల ముట్టరు కనుక. చీటీలో పేరు ఉంటే ఆ ఇంటికి ఏడాది పొడుగునా పొయ్యి వెలుగుతుంది, లేకపోతే లేదు. ఇంటి మగమనిషి పోతే ఆ ఇంటి వంతు ఏం కావాలన్న గొడవ ఎనిమిదేళ్ల కిందట వచ్చింది. అప్పుడు ఊరంతా కూర్చుని ఒక కట్టుబాటు రాసుకున్నారు. నేను కొత్తగా కొన్న ఈ కంప్యూటర్‌లోనే దాన్ని టైపు చేశాను. పెద్దలు వేలిముద్రలు వేసి కాగితం ఊరి ట్రంకుపెట్టెలో పెట్టారు. పోయిన తుఫానుకు ట్రంకులోకి నీళ్లొచ్చి కాగితాలన్నీ ముద్దయిపోయాయి.

ఇప్పుడు చోట్లు తగ్గాయి, ఇళ్లు పెరిగాయి. పెద్దల్లో ఒకాయన, మగదిక్కు లేని ఇంటికి వంతెందుకు, చీటీ తీసేద్దాం అన్నాడట. కట్టుబాటు ఉంది కదా అంటే, ఏదీ చూపించు అన్నాడట.

"చూపించేదేంది పాపా, నాకు నోటికొచ్చు" అంది అక్క. నా స్టూలు మీద కూర్చుని గడగడా చెప్పింది. "ఇంటి మగమనిషి కాలం చేస్తే ఆ ఇంటి వంతు ఆ ఇంటిదే. ఆడమనిషి తన తరఫున ఎవర్ని పంపినా ఊరు అడ్డం చెప్పకూడదు. ఇంతే గదా రాసింది?"

"నోటిమాట చెల్లదక్కా. కాగితం ఉండాల. నా దాంట్లో ఉంది, ఉండు, ఒక్క నిమిషం."

ఆ నిమిషం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. ఫైలు పేరు ఉంది. తెరిచాను. తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొక్కేలు, తోకలు, ఏ భాషా కాని పురుగులు తెరంతా పాకాయి. ఇంకో ఫైలు తెరిచాను, అదీ అంతే. ప్రోగ్రామ్‌తో పాటే అక్షరాలూ వెళ్లిపోయాయి. ఫైళ్లు మాత్రం ఆయన చెప్పినట్టు యాడున్నవి ఆడే ఉన్నాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

అక్క తెరలోకి వంగి చూసింది. "ఇదేం రాత పాపా? మా ఆయన గూడా వేలేసినాడే, ఇందులో ఆయన పేరు యాడుంది?"

నేను ఆ ఫైలు మూసి మళ్లీ తెరిచాను. అవే పురుగులు. ఆమె, "అమావాస్య ఇంక మూడు రోజులే" అని లేచిపోయింది.

ఆ మూడు రోజులు నేను తిట్టిన తిట్లకు ఆ యంత్రానికి చెవులుంటే ఉప్పుటేట్లో దూకేది. నెల్లూరు ఆయనకు ఫోన్ చేస్తే, పాత తెలుగును కొత్త తెలుగుగా మార్చే సైట్లు ఉంటాయి, అందులో వేసి చూడమన్నాడు. వేశాను. తలకట్లు ఒకచోట, దీర్ఘాలు ఒకచోట రాలిపడిన వాక్యాలు వచ్చాయి. దాన్ని పట్టుకుపోయి పెద్దల ముందు పెడితే అక్క కూడు పోవడమే కాదు, నా పరువూ పోతుంది. తెలుగు ప్రోగ్రామ్ అమ్మిన కంపెనీ నంబరు వాడుకలో లేదు. బీరువాలోంచి పాత సీడీ తీసి పెట్టబోతే డ్రైవు తెరుచుకోలేదు, తుప్పు. ముందు భాగంలో చిన్న కన్నం ఉంటుంది, జడపిన్ను సాగదీసి అందులో పొడిస్తే తెరుచుకుంది. సీడీ తిరిగింది. సగంలో కొత్త సిస్టమ్ అడ్డుపడింది. మీ భద్రత కోసం దీన్ని ఆపేశాం అంది.

నా భద్రతట! ఇంతకాలం నా చేతికింద పనిచేసిన ప్రోగ్రామ్ నాకు ప్రమాదమట. ఒక ఆడమనిషి ఏడాది కూడు చీటీలోంచి పోతుంటే అది ప్రమాదం కాదట. ఎక్కడో కూర్చుని నా భద్రత గురించి ఇంత బెంగపడే ఆ మహానుభావులు ఒక్కసారి వచ్చి మా రచ్చలో కూర్చుంటే బాగుండును.

సెట్టింగులన్నీ గాలిస్తూ పోతే అట్టడుగున 'వెనక్కి వెళ్లు' అన్న మీట దొరికింది. అప్‌గ్రేడ్ చేసిన పది రోజుల్లోపు అయితే పాత సిస్టమ్‌కు తిరిగి పోవచ్చట. ఆ సంగతి కూడా ఎవరూ చెప్పలేదు. నొక్కాను. వెంటనే వదిలిందా? ఎందుకు వెళ్లిపోతున్నారు అని ప్రశ్న. కింద జవాబులు వాళ్లే రాసిపెట్టారు. పాతది సులువుగా ఉందనా, వేగంగా ఉందనా, ఏదో పరికరం పనిచేయడం లేదనా? నా కారణం అందులో లేదు. ఇంకేమైనా చెప్పాలా అని ఒక ఖాళీ గడి ఉంది. ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగులో కొట్టాను. మా ఊళ్లో ఒకామె ఉంది, ఆమె వంతు మీ దగ్గర ఇరుక్కుపోయింది, నా తెలుగు నాకు తిరిగి ఇవ్వండి, ఇంకోసారి నా భద్రత జోలికి రావద్దు అని. ఎవరూ చదవరని తెలుసు. అయినా గడి నిండేదాకా కొట్టాను.

వెనక్కి పోవడానికి కొన్ని నిమిషాలంది, పూట పట్టింది. ఆ పూటంతా కరెంటు పోకూడదని వేడుకుంటూ కూర్చున్నాను. మా డాబా ఎక్కితే కరెంటు పుట్టించే కేంద్రం పొగగొట్టాలు కనపడతాయి, అయినా కరెంటు కోసం మొక్కుకునే ఊరు మాది. పోలేదు. పాత తెర వచ్చింది. సైటు సంగతి వచ్చే నెల చూసుకుందాం అనుకున్నాను. సీడీ మళ్లీ పెట్టి, తాళం గుచ్చి, ఫైలు తెరిచాను. ఊరు పేరు, కట్టుబాటు, కింద పెద్దల పేర్లు వరసగా, గుండ్రటి నా అక్షరాల్లో ఉన్నాయి. ఏడ్చేశాను. ఎవరూ చూడలేదు కాబట్టి చెప్తున్నాను.

అమావాస్య నాడు వలల షెడ్డులో ఊరు కూడింది. మగవాళ్లు లోపల, ఆడవాళ్లు బయట గట్టు మీద. నేను కాగితం పట్టుకుని లోపలికి పోయాను. చీటీ తీసేద్దామన్న పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పాడు. చదవలేడని ఊరందరికీ తెలుసు.

"వేలిముద్రలేవీ?" అన్నాడు.

"అవి తుఫాన్లో పోయినాయి పెదనాయనా. ఇది నా కంప్యూటర్లో ఉన్న నకలు."

"నువ్వు నిన్న కొట్టింది కాదని ఏంది గ్యారంటీ?"

మూడు రోజులు పడ్డ పాటంతా అరిచి చెప్పాలనిపించింది. అరిస్తే ఆ అరుపే పట్టుకుని నన్ను బయటికి పంపేస్తారు. అందుకని చదవడం మొదలుపెట్టాను. మా ఊళ్లో కట్టుబాటు రాసినప్పుడు మూడుసార్లు పైకి చదవాలి, ప్రతిసారీ చివరి మాట ఊరంతా కలిసి అనాలి. ఆ తర్వాతే వేళ్లు పడతాయి. ఎనిమిదేళ్ల కిందట మూడుసార్లూ చదివింది నేనే. ఇప్పుడు 'ఇంటి మగమనిషి కాలం చేస్తే' అని నేను అనగానే, వెనక గుంజకు ఆనుకుని ఉన్న ముసలాయన ఒకాయన 'ఆ ఇంటి వంతు ఆ ఇంటిదే' అన్నాడు. తర్వాతి మాట ఇంకో ఇద్దరు అందుకున్నారు. 'ఊరు అడ్డం చెప్పకూడదు' అన్నప్పుడు షెడ్డంతా అంది. ఆ పెద్దాయన పెదాలు కూడా కదిలాయి. అందరికీ నోటికొచ్చు. ఇన్నిరోజులూ, అందరికీ.

పెద్దాయన కళ్లజోడు తీసి, "సరే, కాగితం ఉంది గదా. చీటీ వెయ్యండి" అన్నాడు.

నేను గెలిచానన్న సంబరంతో బయటికి చూశాను. అక్క గట్టు దిగి షెడ్డు లోపలికి వచ్చేసింది. ఆడవాళ్లు లోపలికి రావడం మా ఊళ్లో లేదు. నేను కాగితం పట్టుకొచ్చిన మనిషిని కాబట్టి నన్ను రానిచ్చారు. ఆమె ముఖంలో సంతోషం లేదు. పెద్దాయన్ని కాదు, ముందు నన్నే అడిగింది.

"వారం పొద్దుల్నించి ఇవే మాటలు నేను ఇంటింటికీ పోయి చెప్తిని గదా పాపా. నీ కొట్లో కూర్చుని నీకు గూడా చెప్తిని. నేను చెప్తే నోటిమాట. నీ డబ్బా చెప్తే కట్టుబాటా?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నోటిమాట చెల్లదక్కా అన్నది నేనే. రెండు సిస్టమ్‌ల మీదా, కంపెనీల మీదా, ఆ పెద్దాయన మీదా నేను పడ్డ కోపమంతా నిజమే. కానీ ఆమెకు అర్హత లేదని వాళ్లతో పాటు నేనూ చెప్పాను, అదీ ప్రేమగా.

ఆమె నా చేతిలోని కాగితం తీసుకుని కింద ఉన్న పేర్ల మీద వేలు పెట్టింది. "ఇందులో ఆడమనిషి పేరు ఒక్కటన్నా ఉందా, చదువు."

చదివాను. లేదు. ఆ పేర్లన్నీ టైపు చేసింది నేను. ఎనిమిదేళ్లలో నాకు ఆ సంగతి తట్టనే లేదు.

"ఆడోళ్ల వంతు గురించి రాసుకున్న కాగితంలో ఆడోళ్ల వేలు పడలా. అందుకే కాగితం తడిస్తే మా మాట గూడా తడిసిపాయ" అంది ఊరివైపు తిరిగి. "ఇంకో కాగితం రాయండి. ఈసారి నా వేలు పడితేనే చీట్లు వేసేది."

నేను కొట్టుకు పోయి వేలిముద్రల సిరా పెట్టె తెచ్చాను.